అమ్మ నాలుగు గంటలు, నా ఆరున్నర

పోయిన నెల ఈ శీర్షికలో ఆవకాయ జాడీ విమానంలో కారకుండా తెచ్చుకోవడం గురించి రాస్తే చాలామంది జవాబులు రాశారు. ఈసారి అంత సరదా విషయం కాదు. చాలాకాలం నేను దాచిపెట్టుకున్న ఒక తప్పు గురించి చెప్పాలి. రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకుని, సంఘంలో ఏళ్ళు గడిచిన అక్కచెల్లెళ్ళలో నాలాంటివాళ్ళు ఇంకొందరు ఉంటారని నా అనుమానం. అందుకే రాయడానికి ధైర్యం చేస్తున్నాను.

నా ఫోన్‌లో ఒక బైబిల్ యాప్ ఉంది. రోజూ ఒక వాక్యభాగం, దాని కింద చిన్న ధ్యానం వస్తాయి. చదివాక ‘పూర్తయింది’ అని నొక్కాలి. నొక్కితే వరుసగా ఎన్ని రోజులు చదివామో ఆ అంకె ఒకటి పెరుగుతుంది. ఈ జనవరి మొదటి వారంలో నా అంకె 312. ఒక చేత్తో ఇడ్లీ డబ్బాలో పెడుతూ ఇంకో చేత్తో నొక్కాను. 313 అయింది. పక్కనే నిలబడి సాక్సులు వేసుకుంటున్న మా పాప చూసింది. అది ఇప్పుడు ప్రైమరీ త్రీ.

“అమ్మా, నువ్వు చదవలేదు. ఊరికే నొక్కావు.”

“చదివానమ్మా, గబగబా.”

“మూడు సెకన్లలోనా?”

నేను మాట్లాడలేదు. స్కూలు బస్సు వచ్చే టైమైందని దాన్ని తొందరపెట్టి లిఫ్టు దగ్గరికి తోలాను. కానీ ఆ రోజంతా ఆ మాట వెంటబడింది. మూడు సెకన్లు కూడా ఎక్కువే చెప్పింది నిజానికి.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను, గుంటూరులో. ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ చేసేటప్పుడు మాలో కొంతమంది ఒక పని చేసేవాళ్ళం. జవాబు ఎంత రావాలో ముందే తెలుసు కాబట్టి, బ్యూరెట్ సరిగా చూడకుండానే రికార్డులో మూడు రీడింగులు రాసేసేవాళ్ళం. దాన్ని ‘రీడింగులు వండడం’ అనేవాళ్ళం. రికార్డు చూస్తే అచ్చంగా ఉండేది. మేడమ్ సంతకం కూడా పడేది. ఫ్లాస్కులో మాత్రం రంగు మారేది కాదు. నా 313 కూడా అలా వండిన రీడింగే.

*

ఎప్పటినుంచి ఇలా అయ్యానో నాకు బాగా తెలుసు. 2021 నుంచి.

ఆ ఏప్రిల్‌లో నాన్నకి కోవిడ్ వచ్చింది. గుంటూరులో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. ఏప్రిల్ 23 రాత్రి నుంచి ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళని, పాసులున్నా సరే, సింగపూర్‌లోకి రానివ్వడం ఆపేశారు. అంటే నేను వెళ్ళగలను, తిరిగి ఎప్పుడు వస్తానో చెప్పలేను. ఇక్కడ ఐదేళ్ళ పాప. మా ఆయనకి జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టు డ్యూటీలు. నేను ఉండిపోయాను. రోజూ సాయంత్రం మా బంధువులం అందరం ఫోన్లలో కలుసుకుని 91వ కీర్తన చదివి ప్రార్థన చేసేవాళ్ళం. ఆ రోజుల్లో మీలో ఎంతమంది అదే కీర్తన చదివి ఉంటారో నాకు తెలుసు. తెగులు గురించి, భయం గురించి, కాపాడే రెక్కల గురించి అంత స్పష్టంగా చెప్పే కీర్తన ఇంకోటి లేదు. పద్దెనిమిది రోజులు చదివాం. మే నెలలో నాన్న పోయారు.

సమాధి కార్యక్రమం వీడియో కాల్‌లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి వేసేశారు.

ఆ తర్వాత నేను దేవుణ్ణి వదిలెయ్యలేదు. ఆదివారం ఆరాధన మానలేదు. పాపకి రాత్రి ప్రార్థన నేర్పించడం మానలేదు. స్త్రీల కూడికలో వంతు వస్తే సాక్ష్యం చెప్పాను, కన్నీళ్ళు కూడా వచ్చాయి. బైబిల్ తెరిచి ఒంటరిగా కూర్చోవడం ఒక్కటే మానేశాను. తెరిస్తే ఆయనతో మాట్లాడాలి. మాట్లాడితే ఒకటే ప్రశ్న అడుగుతాను. ఆ ప్రశ్న అడగకుండా తప్పించుకోవడానికి తేలికైన దారి, రోజూ నొక్కుతూ ఉండడం.

*

ఇదిలా ఉండగా జనవరి చివరలో అమ్మ ఫోన్ చేసింది. అమ్మ తెనాలి దగ్గర మా ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంటుంది. రెండేళ్ళుగా చూపు తగ్గుతూ వచ్చింది. రెటీనా మధ్యభాగం పాడైందట. ఎదుటి మనిషి చెవులు, జుట్టు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట మసక. పుస్తకంలో పేజీ అంచులు కనిపిస్తాయి, చదవాల్సిన మాట దగ్గర మరక.

“తల్లీ, నాకిక అక్షరాలు అందడం లేదే. పొద్దున పూట నువ్వు కాస్త చదివి వినిపిస్తావా?”

“ఆడియో బైబిల్ పెట్టుకోవచ్చు గదమ్మా. మరదలు ఫోన్‌లో పెట్టి ఇస్తుంది.”

“పెట్టింది. బాగానే చదువుతాడు ఆయన. కానీ ఆగమంటే ఆగడు. ఒక మాట దగ్గర నేను ఆగిపోతే ఆయన వెళ్ళిపోతాడు.”

కాదనలేకపోయాను. అమ్మ లేచేది తెల్లవారుజామున నాలుగింటికి. నాకు ఊహ తెలిసినప్పటినుంచి అంతే. ఇండియాకీ సింగపూర్‌కీ రెండున్నర గంటల తేడా, కాబట్టి అమ్మ నాలుగు గంటలు నాకు ఆరున్నర. పాప టిఫిన్ డబ్బా, జడ, సంతకం పెట్టాల్సిన కాగితాలు, అన్నీ సరిగ్గా ఆరున్నరకే. ఆరూ నలభైకి బస్సు. అమ్మ తన నాలుగు గంటలు మార్చుకోనంది. “నేను ముందు ప్రార్థన చేసుకుంటూ ఉంటాను. నువ్వు పాపను పంపించి నిదానంగా చెయ్యి” అంది. అలా ఏడు గంటలు ఖాయమైంది.

సింగపూర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట. ఇక్కడ ఏడాది పొడుగునా ఏడింటికి అటూ ఇటూగానే తెల్లవారుతుంది. భూగోళం మీద ఈ ఊరున్న చోటుని బట్టి గడియారం ఒక గంట వెనక ఉండాలి, కానీ 1982 నుంచి గంట ముందుకి పెట్టుకున్నారు. అందుకని మన ఊళ్ళో లాగా ‘సూర్యుడు లేవకముందే లేచి ప్రార్థన’ అనేది ఇక్కడ గొప్ప కాదు. జురాంగ్ ఈస్ట్‌లో సూర్యుడు లేచేలోపు సగం పేట రైలెక్కి ఉంటుంది.

*

అమ్మ తన పుస్తకం ఒకటి ఊరినుంచి వచ్చేవాళ్ళతో నాకు పంపింది. ‘ఎడారిలో సెలయేర్లు’. తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. తారీకు ప్రకారం రోజుకో పేజీ. అట్ట ఊడిపోతే అమ్మ నా పాత స్కూలు పుస్తకాల బ్రౌను కాగితంతో అట్ట వేసింది.

చిన్నప్పటినుంచి చూస్తున్న పుస్తకమే అయినా అది ఎలా పుట్టిందో నేను పట్టించుకోలేదు. ఈమధ్యనే చదివాను. లెట్టీ కౌమన్, చార్లెస్ కౌమన్ అనే అమెరికన్ దంపతులు 1901లో సువార్త పనికి జపాన్ వెళ్ళారు. కొన్నేళ్ళకి ఆయనకి గుండె జబ్బు వచ్చింది. తిరిగి అమెరికా వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆయన మంచాన పడిన ఏళ్ళలో ఆమె సేవ చేస్తూ, తనకి ఊరటనిచ్చిన మాటలు ఎక్కడ కనిపించినా దాచుకుంది. 1924లో ఆయన పోయారు. 1925లో ఆ పుస్తకం వచ్చింది. యెషయా 35వ అధ్యాయంలోంచి పేరు పెట్టింది.

ఇంకో ప్రసిద్ధమైన ధ్యాన పుస్తకం ఉంది, ఆస్వాల్డ్ చాంబర్స్‌ది. ఆయన 1917లో ఈజిప్టులో, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మధ్య పరిచర్య చేస్తూ చనిపోయాడు. ఆయన బతికుండగా ఆ పుస్తకం రాయనే లేదు. ఆయన భార్య బిడ్డీకి షార్ట్‌హ్యాండ్ బాగా వచ్చు. భర్త ప్రసంగాలన్నీ రాసిపెట్టుకుంది. ఆయన పోయిన పదేళ్ళకి, 1927లో, వాటిలోంచి రోజుకో భాగం కూర్చి పుస్తకం వేసింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తట్టింది. లోకమంతా పొద్దున్నే చదివే పుస్తకాల్లో రెండు, భర్తని పోగొట్టుకున్న ఇల్లాళ్ళ చేతుల్లోంచి వచ్చినవి. ప్రార్థన ఫలించి రోగి లేచి కూర్చున్నాక రాసినవి కావు. అమ్మ ఇన్నాళ్ళూ చదివింది అలాంటి పుస్తకం అని నాకు ఇప్పుడే తెలిసింది.

*

అయితే అమ్మ నన్ను ధ్యాన పుస్తకం ఒక్కటే చదవనివ్వలేదు. “అది కూర. ముందు అన్నం పెట్టు” అంది. రోజుకో కీర్తన, తర్వాత ఆ రోజు పేజీ. మొదటి కీర్తనతో జనవరి 27న మొదలుపెట్టాం.

మనలో చాలామందికి ఇక్కడే పొరపాటు వస్తుంది. ధ్యాన పుస్తకాల్లో పైన ఒక వచనం, కింద ఒక పేజీ వివరణ ఉంటాయి. మనం పై వచనం మీద కన్ను ఆనించి, కింద కథ చదివి మూసేస్తాం. ఏళ్ళ తరబడి అలా చేస్తే, బైబిల్ అంతా మనకి విడివిడి వచనాల కట్టగా కనిపిస్తుంది. కొత్త సంవత్సరం రోజు తీసుకునే వాగ్దాన కార్డుల్లాగా.

లెక్క వేసుకుంటే బైబిల్ మొత్తం చదవడం మనం భయపడినంత పెద్ద పని కాదు. పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధనలో 260. మొత్తం 1189. రోజుకి మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదిలో అయిపోతుంది. పిల్లలున్న ఇంట్లో అంత కుదరదంటే రోజుకొకటి. మూడేళ్ళ మూడు నెలలు పడుతుంది. పాప ప్రైమరీ త్రీలో మొదలుపెడితే అది ప్రైమరీ సిక్స్ దాటే వేళకి అయిపోతుంది. మనకెవరూ పరీక్ష పెట్టడం లేదు గదా.

స్కాట్లాండ్‌లో రాబర్ట్ మర్రే మక్‌షేన్ అని ఒక యువ కాపరి ఉండేవాడు. 1842లో తన సంఘం కోసం ఒక చదువు పట్టిక తయారుచేశాడు. పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు ఏడాదిలో పూర్తయ్యేట్టు. ఇప్పటికీ ఎన్నో సంఘాలు ఆ పట్టికే వాడుతున్నాయి. ఆయన మరుసటి ఏడాదే 29 ఏళ్ళకి చనిపోయాడు. నన్ను ఆపింది ఆ పట్టిక కాదు, దానితోబాటు ఆయన సంఘానికి రాసిన ఉత్తరం. పట్టిక వల్ల లాభాలు చెప్పేముందు అందులో ఉన్న ప్రమాదాలు చెప్పాడు. చదవడం మొక్కుబడి అయిపోవచ్చు. ఇవాల్టి భాగం అయిపోయింది కాబట్టి నేను మంచి విశ్వాసినని తృప్తి పడిపోవచ్చు. అజాగ్రత్తగా చదవచ్చు. కొందరికి మొయ్యలేని బరువు కావచ్చు. దాదాపు నూట ఎనభై ఏళ్ళ క్రితం రాసిన ఆ ఉత్తరంలో నా 313 ఉంది.

*

నేను అమ్మకి చదువుతుంటే ఒక్కోసారి నాన్నమ్మ గుర్తొచ్చేది. నాన్నమ్మ బడికి వెళ్ళలేదు. మిషన్‌వాళ్ళ బైబిలు స్త్రీ ఒకావిడ పేటలో ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేదట. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. ఆ తర్వాతి కాలంలో ఎన్నో పేటల్లో ఆడవాళ్ళకి చదువు అలాగే వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళకి అక్షరం వచ్చింది బైబిల్ చదవడానికే. ఆ తర్వాతే ఉత్తరాలు, పత్రికలు, నా బీఎస్సీ.

ఆ బైబిల్ తెలుగులోకి రావడం కూడా తేలిగ్గా జరగలేదు. విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సహాయంతో సువార్తలు అనువదించారు. 1812లో శ్రీరాంపూరులో అవి అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ బతికి లేరు. పూర్తి బైబిల్ తెలుగులో రావడానికి 1854 దాకా పట్టింది. తాము అచ్చులో చూడని పుస్తకం కోసం వాళ్ళు కూర్చుని పదం పదం వెతుక్కున్నారు. నేను అది ఫోన్‌లో తెరిచి, చూడకుండా నొక్కుతున్నాను.

*

ఏప్రిల్ 27. తొంభై ఒకటో రోజు.

రాత్రే గుర్తొచ్చింది, రేపు ఏ కీర్తనో. నిద్ర పట్టలేదు. పొద్దున వంటగది కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. కింద వాయిడ్ డెక్‌లో ఒక ముసలాయన పిట్ట పంజరానికి గుడ్డ తీస్తున్నాడు. అమ్మ ఫోన్‌లో ఎదురుచూస్తోంది.

“అమ్మా, ఇవాళ 92 చదువుదాం.”

“నిన్న 90 చదివావు.”

“91 చదవలేను.”

అమ్మ ఏమీ అనలేదు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఇక ఆగలేదు. నాలుగేళ్ళుగా చదవలేదని, యాప్‌లో నొక్కుతూ వచ్చానని, ఈ మూడు నెలలూ నీ కోసం చదివాను గానీ నా కోసం కాదని, పద్దెనిమిది రోజులు చదివితే ఆయన నాన్నని ఎందుకు తీసుకుపోయాడని, అన్నీ చెప్పేశాను. బిడ్డ ఇలాంటివి చెబితే అమ్మ గుండె ఏమవుతుందో అని ఇన్నేళ్ళూ దాచినవన్నీ.

“నాకు తెలుసులే” అంది అమ్మ.

“ఎలా తెలుసు?”

“మొదటి వారం చదివేటప్పుడు పేజీలు వెతుక్కున్నావు. కీర్తనలు ఎక్కడుంటాయో నీకు ఆరేళ్ళప్పుడే తెలుసు.”

కాసేపాగి మళ్ళీ అంది. “నేనూ రెండేళ్ళు ఆ కీర్తన తెరవలేదు తల్లీ. మూడు రోజుల క్రితం 88 చదివావు గదా. ఎలా అయిపోయింది అది?”

చీకటితో అయిపోతుంది. కీర్తనల్లో చాలావాటిలో ఏడ్చినవాడు చివరికి స్తుతితో ముగిస్తాడు. 88 మాత్రం అలా ముగియదు. మొరపెట్టుకుని, జవాబు రాకుండానే ఆగిపోతుంది. అది చదివిన రోజు నేను గబగబా ధ్యానం పేజీకి వెళ్ళిపోయాను.

“అది కూడా ఆయన పుస్తకంలోనే ఉంది. ఆయనే ఉంచాడు. నీ ప్రశ్న ఆయన ముందు అడగకూడదని ఎవరు చెప్పారు నీకు?”

అమ్మ ముప్పై ఏళ్ళు సండే స్కూల్ చెప్పింది. ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఉండదు. “సరే, 91వ కీర్తన యేసు ప్రభువుకి ఎవరు చదివి వినిపించారో చెప్పు.”

నాకు ఒళ్ళు జలదరించింది. మత్తయి నాలుగో అధ్యాయం. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని రాసి ఉంది గదా అని శోధకుడు చూపించింది సరిగ్గా ఈ కీర్తనే. వచనం నిజమే. వాడిన తీరు తప్పు. యేసు ప్రభువు ద్వితీయోపదేశకాండంలోని ఇంకో మాటతో జవాబిచ్చాడు, దేవుణ్ణి శోధించకూడదని. ఆయన దూకలేదు. ఆ తర్వాత సిలువ దగ్గర దూతలు వచ్చి దించనూ లేదు.

ఆ పద్దెనిమిది రోజులు నేను ఆ కీర్తనని ఇన్సూరెన్స్ కాగితంలా పట్టుకున్నాను. ఇన్ని రోజులు కట్టాను కాబట్టి ఇంత రావాలి అన్నట్టు. యాప్‌లో అంకె పెరిగితే భక్తి పెరిగినట్టు లెక్కవేసిందీ ఆ మనసే. రెండూ ఒకే జబ్బు అని ఆ స్టూలు మీద కూర్చుంటే తెలిసింది.

91 చదివాను. గొంతు రెండుసార్లు ఆగింది. అమ్మ ఆగింది, ఆడియోలో ఆయనలా వెళ్ళిపోలేదు. నాన్న ఎందుకు పోయారో ఆ కీర్తన చెప్పలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ ప్రశ్న నా నోటితో, దేవుడి పేరు పెట్టి, గట్టిగా అడిగింది నాలుగేళ్ళలో ఆ రోజే.

*

మే నెలలో నాన్న పోయిన తారీకు వచ్చింది. ‘ఎడారిలో సెలయేర్లు’లో ఆ రోజు పేజీ తెరిచాను. అమ్మకి పేజీ అంచున పెన్సిల్‌తో సంవత్సరం వేసి ఒక ముక్క రాసుకునే అలవాటు. మా పదో తరగతి రిజల్టు, నా ప్రసవం, తమ్ముడి ఉద్యోగం, ఆ ఇంటి చరిత్ర అంతా ఆ అంచుల్లో ఉంది. ఆ పేజీలో 2021కి ఏమీ లేదు. 2022 అని వేసి ‘చదవలేదు’ అని ఉంది. 2023కి ‘చదివాను. మనసుకి ఎక్కలేదు’. 2024కి అక్షరాలు పెద్దవిగా, గీత దాటి ఉన్నాయి. ‘కనపడటం లేదు. ప్రభువా, ఎవరిచేతనైనా చదివించు.’

అది నేను అమ్మకి చదివి వినిపించలేదు. ధ్యానం పేజీ ఒక్కటే చదివాను. తర్వాత 2025 అని వేసి, ‘ఇద్దరం చదివాం’ అని రాశాను.

*

ఇప్పుడు మా ఇంట్లో ఎలా జరుగుతోందో చెబుతాను, ఎవరికైనా పనికొస్తే.

ఆ యాప్‌లో అంకె చూపించడం ఆపేశాను. యాప్ తప్పేమీ లేదు, రైల్లో నిలబడి చదువుకునేవాళ్ళకి అదే గతి. నాకు మాత్రం అంకె కనిపిస్తే వండడం వస్తుంది. కాగితం బైబిల్‌లో ఒక దారం పెట్టుకున్నాను. ఒక రోజు తప్పితే దారం అక్కడే ఉంటుంది, మర్నాడు అక్కడినుంచే మొదలు. తప్పిన రోజుల్ని కలిపి ఒకేసారి చదివి లెక్క సరిచెయ్యడం మానేశాను. నిర్గమకాండం 16లో మన్నా సంగతి అంతే గదా. ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి. విశ్రాంతి దినానికి ముందు తప్ప, మర్నాటికి దాస్తే పురుగు పట్టింది. నిన్నటిది ఇవాళ ఏరుకోవడం ఎవరికీ కుదరలేదు.

చదివాక ఒకే ఒక్క వాక్యం నోటుబుక్కులో రాస్తాను. మంచి వాక్యం కానక్కర్లేదు. ‘అర్థం కాలేదు’ అని రాసిన రోజులు చాలా ఉన్నాయి. ల్యాబ్‌లో రంగు మారకపోతే మారలేదని రాయడమే సరైన రికార్డు.

మా ఆయనకి నైట్ షిఫ్టు ఉన్న వారం ఆయన తిరిగొచ్చేసరికి మా చదువు అయిపోతుంది. ఆ వారం నేను రాసిన వాక్యం ఆయన టిఫిన్ తింటూ చదువుకుంటారు. ఒక్కోసారి దాని కింద ఒక ప్రశ్న రాసి పడుకుంటారు. కుటుంబ ప్రార్థన అంటే అందరూ ఒకే చాప మీద కూర్చోవడమే అనుకుని, కుదరక పూర్తిగా మానేసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఇలా కూడా నడుస్తుంది.

పాప సంగతి. ఇక్కడి స్కూళ్ళలో మాతృభాషగా తెలుగు లేదు, అది హిందీ తీసుకుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. సెలవు రోజుల్లో పొద్దున అమ్మమ్మ ఫోన్ దగ్గర కూర్చుని వింటుంది. ఒకరోజు ‘యెహోవా సెలవిచ్చెను’ అని ఎక్కడో వస్తే, “దేవుడు హాలిడే ఇచ్చాడా?” అని అడిగింది. ఫోన్‌లో అమ్మ నవ్విన నవ్వు చాలా రోజులకి విన్నాను. ఆ మాటకి ‘చెప్పాడు’ అని అర్థమని అమ్మమ్మే చెప్పింది. పోయిన వారం పాప ఒక నోటుబుక్కు తెచ్చి అ, ఆ రాసిపెట్టమంది. “అమ్మమ్మకి నేను చదువుతా, నువ్వు ఇడ్లీ పెట్టుకో” అంది. నాన్నమ్మకి ఎవరో పేట చివర కూర్చోబెట్టి దిద్దించినట్టే, జురాంగ్ ఈస్ట్‌లో ఏడో అంతస్తులో నేను దిద్దిస్తున్నాను. ప్రస్తుతం ‘ఋ’ దగ్గర పోట్లాడుతున్నాం.

మీలో ఎవరైనా నాలాగే నొక్కుతూ ఉంటే, రేపు పొద్దున కొత్త పట్టిక మొదలుపెట్టమని చెప్పను. మీరు తెరవకుండా దాటేస్తున్న పేజీ ఒకటి ఉంటుంది. అది ఏదో మీకు తెలుసు. ఎవరితోనైనా కలిసి దాన్ని తెరవండి. ఒంటరిగా నాకు నాలుగేళ్ళు కుదరలేదు.

మేం ఇప్పుడు కీర్తనలు ముగించి సామెతల్లోకి వచ్చాం. 31 అధ్యాయాలు, ఒక నెల. అమ్మకి ఇక్కడ ఆగాల్సినవి చాలా ఉంటాయి. ఇల్లాలి గురించిన చివరి అధ్యాయం వచ్చినప్పుడు నాకేం వడ్డిస్తుందో చూడాలి. వచ్చే నెల చెబుతాను.